అయ్య కంచంలో ఆఖరి ముద్ద

నా చిన్నతనంలో మా ఇంట్లో సాయంకాలపు భోజనం అయ్య కూర్చోవడంతో మొదలయ్యేది, నేను నోరు తెరవడంతో ముగిసేది.

అయ్య రంగూన్‌లో పజుండౌంగ్ కాలువ ఒడ్డున ఒక బియ్యం మిల్లు ఘాట్‌లో బస్తాలు మోసేవాడు. దీపాలు పెట్టే వేళకు వచ్చి, వీధి కుళాయి దగ్గర ఒళ్లు కడుక్కుని, మా ఒంటిగది ఇంట్లో గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. ఆ వీపు ఆనిన చోట సున్నం మీద నూనె మరక ఒకటి ఎప్పుడూ ఉండేది. అమ్మ ఇత్తడి కంచంలో అన్నం పోగు పోసేది. పగలంతా చెమటోడ్చిన మనిషి కనక కూరలో ఎంత వేసినా ఆయనకు ఉప్పు చాలేది కాదు. కంచం అంచున విడిగా కాస్త పెట్టించుకునేవాడు. నేను అంతకు ముందే తినేసి ఉన్నా ఆయనకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కాపలా కాసేవాణ్ని. ఎందుకంటే ఆఖరి ముద్ద నాది.

అన్నమంతా అయిపోయాక, అంచున మిగిలిన ఉప్పును చివరి మెతుకుల్లో కలిపి, ముద్ద చేసి నా నోట్లో పెట్టేవాడు. పెట్టి, "ఉప్పు సరిపోనాదేటిరా?" అని అడిగేవాడు.

"సరిపోనాది," అనేవాణ్ని.

నిజానికి నోరు పొక్కిపోయేంత ఉప్పు. ఒక్కనాడూ ఎక్కువైందని చెప్పలేదు. చెబితే ముద్ద పెట్టడం మానేస్తాడేమోనని నా భయం.

మా వాళ్లకు ఎంగిలి పట్టింపు జాస్తి. విశాఖపట్నం నుంచి ఓడ ఎక్కి, సముద్రం దాటి, రంగూన్‌లో ఒకరి మీద ఒకరు పడి బతుకుతున్నా ఆ పట్టింపును మాత్రం మూటగట్టుకుని తెచ్చుకున్నారు. ఒకరు కరిచి తాగిన లోటాను తోమకుండా ఇంకొకరు ముట్టరు. కానీ కన్నవాళ్ల ఎంగిలి ఎంగిలి కాదు. అది తిన్నంత కాలం ఆ ఇంటి పిల్లవాడివి. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, అది పోయిన తర్వాత నేనే తెలుసుకున్నాను.

మిషన్ బడిలో చదివి, స్కాలర్‌షిప్ తెచ్చుకుని, నేను యూనివర్సిటీలో చేరతానన్న సంగతి ఖాయమైన రోజున మా వరస ఇళ్లన్నీ మా గుమ్మం ముందు పోగయ్యాయి. బి.ఏ. అంటే ఏమిటో అక్కడ ఒక్కరికీ తెలియదు. ఓడ కెప్టెన్ కంటే ఎక్కువా, తక్కువా అన్న దాని మీద ఒక చిన్న తగువు కూడా జరిగింది. అందరూ వెళ్లాక అయ్య భోజనానికి కూర్చున్నాడు. మూతి మీద మీసం మొలుస్తున్న నేను, సిగ్గు లేకుండా, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఆఖరి ముద్ద చేశాడు. నా వైపు చూశాడు. తన నోట్లోనే పెట్టుకున్నాడు.

"ఇంక నీకు ఎంగిలెట్టకూడదు," అన్నాడు. "దొరల బడికెల్తన్నావు."

నేను నవ్వాను. వేళాకోళం అనుకున్నాను.

ఆ యూనివర్సిటీకి అప్పటికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. అంతకు ముందు ఊళ్లో విడివిడిగా ఉన్న పాత కాలేజీలను కలిపి దొరలు దాన్ని పెట్టారు. పెట్టిన ఏడాదే విద్యార్థులు దాన్ని బహిష్కరించి, చదువులు వదిలేసి, పెద్ద పగోడా గుట్ట మీదకు చేరారు. ఆ రోజుల కథలు నేను చేరే నాటికి పాతబడలేదు. సీనియర్లు తాము అక్కడ లేకపోయినా ఉన్నట్టే చెప్పుకునేవాళ్లు. వాళ్ల కోపానికి ఉన్న కారణాల్లో ఒకటి హాస్టల్ నిబంధన. ఈ యూనివర్సిటీలో చదివేవాడు ఇక్కడే ఉండాలి, ఇక్కడే తినాలి, ఇక్కడే పడుకోవాలి. అలా కలిసి బతికితేనే మనిషి తయారవుతాడని దొరల నమ్మకం. అలాగైతే లేనివాళ్లు చదవలేరని కుర్రాళ్ల వాదన. సమ్మె సద్దుమణిగింది, దొరలతో పనిలేని జాతీయ పాఠశాలలు కొన్ని పుట్టాయి, నిబంధన మాత్రం చాలావరకు నిలిచే ఉంది. అందుకని, ట్రామెక్కి, రైలెక్కి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోదగ్గ దూరంలో ఇల్లు పెట్టుకుని, నేను పరాయి దేశం పోయినవాడిలా ట్రంకు పెట్టె సర్దుకోవలసి వచ్చింది.

కొత్త భవనాలు ఊరికి ఉత్తరాన సరస్సు పక్కన లేస్తున్నాయి. ఇన్సేన్ వైపు పోయే లోకల్ రైలు దిగి, అయ్య నా పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. నేను మోస్తానంటే, "నీకు మోత రాదు," అన్నాడు. నిజమే, రాదు. హాస్టల్ వరండాలో వార్డెన్ దొర ఎదురొచ్చాడు. నేను, "ఈయన మా నాన్న సార్," అన్నాను. దొర చెయ్యి చాచాడు. అయ్య పెట్టె దించి, కుడిచేతిని లుంగీకి తుడవడం మొదలుపెట్టాడు. ఒక పక్క తుడిచాడు, తిప్పి రెండో పక్క తుడిచాడు. దొర చెయ్యి పాపం అలా గాలిలోనే ఉంది. చివరికి అయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి ఊరుకున్నాడు. దొర నవ్వి, నన్ను 'మిస్టర్' అని ఇంటి పేరుతో పిలిచి, గది చూపించమని నౌకరుకు చెప్పాడు.

ఆ 'మిస్టర్' అయ్య విన్నాడు. ఇంగ్లీషు రాకపోయినా, మిల్లులో ఎవరిని మిస్టర్ అంటారో ఆయనకు బాగా తెలుసు. వెళ్లేటప్పుడు నన్ను "ఒరే" అనలేదు. "ఎల్తన్నాను బాబూ," అన్నాడు. ఎర్రమట్టి దారిలో ఆయన వెళ్తుంటే వెనక్కి తిరిగి చూస్తాడని చూస్తూ నిలబడ్డాను. తిరగలేదు.

కలిసి బతికితే మనిషి తయారవుతాడన్న ఆ హాస్టల్లో భోజనాలకు మూడు బల్లలు ఉండేవి. ఒకటి శాకాహారులది. మదరాసు వైపు నుంచి వచ్చిన గుమస్తాల, ప్లీడర్ల పిల్లలు అక్కడ కూర్చునేవాళ్లు. రెండోది చేపలు తినే బెంగాలీలది. మూడోది బర్మావాళ్లది. తెలుగువాళ్ల బల్ల లేదు, ఎందుకంటే హాస్టల్లో తెలుగువాడు అన్నవాడు నేనొక్కణ్నే. రంగూన్‌లో తెలుగువాళ్లు లేక కాదు. రిక్షా లాగేది మేము, ఓడల్లో బస్తాలు దించేది మేము. ఒకప్పుడు మావాళ్లు ఓడెక్కిన రేవు పేరుతో 'కోరంగి' అని మాకొక పేరు కూడా పెట్టారు. ఆ మాట వింటే జనానికి కనబడేది మనిషి కాదు, నెత్తిన బరువు.

మొదటి రోజు బట్లర్ నన్ను శాకాహారుల బల్లకు పంపించాడు. పక్కనున్నవాడు మర్యాదగా, "మీ నాన్నగారు ఏ ఆఫీసు?" అని అడిగాడు. మిల్లు ఘాట్ అన్నాను. మర్నాడు నా కుర్చీ మిగతా కుర్చీలకు కొంచెం ఎడంగా ఉంది. నాకు ఒళ్లు మండింది. చేపలు తింటానని చెప్పి బెంగాలీల బల్లకు మారిపోయాను. వాళ్లు మంచివాళ్లే. కానీ భోజనం అంటే వాళ్లకు సభ. ఒకడు మొదలుపెడితే అందరూ అందుకునేవాళ్లు. ఆ మాటలు గలగలా నా నెత్తి మీదుగా పోయేవి. ఎప్పుడైనా ఒకడు జాలిపడి నాకోసం ఇంగ్లీషులోకి మారితే మాటల ఊపు ఆగిపోయి, అందరూ నీళ్లు తాగేవాళ్లు. నా మూలంగా వాళ్ల సరదా చెడటం నాకు నచ్చలేదు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఒక రోజు కంచం పట్టుకుని కిటికీ దగ్గరున్న చిన్న బల్ల మీదకు వెళ్లిపోయాను. ఆ మర్నాటి నుంచి బట్లర్ తనంతట తానే అక్కడ నాకు గ్లాసు, కంచం పెట్టడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్లంతా అది నా ఇష్టం అనుకున్నారు.

కిటికీ బయట కొత్త హాలు కడుతున్నారు. తట్టలు మోసేవాళ్లంతా మా వాళ్లే, శ్రీకాకుళం, గంజాం యాస. అన్నం నములుతూ వాళ్ల మాటలు వినేవాణ్ని. పెళ్లాల మీద విసుర్లు, మేస్త్రీ మీద బూతులు, మధ్యలో పాటలు. ఒకసారి ఉండబట్టలేక కిందకి దిగి, ఇటుకల పోగు దగ్గర నిలబడి, "ఏ ఊరు మీది?" అని అడిగాను. పాట ఆగిపోయింది. అందరూ లేచి నిలబడ్డారు. ఒక ముసలాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "ఏటి కావాల బాబూ?" అన్నాడు. ఏమీ వద్దన్నాను. నాకు ఏమీ అక్కర్లేదంటే వాళ్లకు నమ్మకం కలగలేదు. పని ఆపి మాట్లాడుకుంటున్నందుకు ఎవరో పంపితే వచ్చాననుకున్నారు కాబోలు, తట్టలు ఎత్తుకుని గబగబా వెళ్లిపోయారు. ఇటుకల దగ్గర నేనొక్కణ్నే మిగిలాను.

ఇక మిగిలింది ఇల్లు. ఆదివారాలు వెళ్లడానికి అనుమతి ఉండేది. మొదటి ఆదివారం నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి మా గదిలో ఒక కుర్చీ ఉంది. మా ఇంట్లో ఎన్నడూ కుర్చీ లేదు. పక్కింటి దర్జీ దగ్గర అడిగి తెచ్చారు. పింగాణీ కంచం ఒకటి కొత్తగా కొన్నారు. అమ్మ దాన్ని నా ఒళ్లో పెట్టి, విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది.

"అయ్య రానీ, కలిసి తిందాం," అన్నాను.

"ముందు నువ్వు తినీ," అంది అమ్మ. "నువ్వు సదూకున్నోడివి. నీ ఎనక మేం తింతాం."

అయ్య ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మం అవతల గొంతుక్కూర్చుని, నా భోజనం అయ్యేదాకా చుట్ట కాల్చుకున్నాడు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాక అప్పుడు వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చోబోతే, "కిందెందుకు, కుర్సీ మీద కూకో," అన్నాడు. కుర్చీలో కూర్చుని, ఆయన ఆఖరి ముద్ద తానే తినడం పైనుంచి చూశాను. నేను కొడుకుని కాదు, చుట్టాన్ని అయిపోయాను. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలిసింది, చెప్పలేనంత బాధ వేసింది. ఎవరి మీద కోప్పడాలి? వాళ్లు నన్ను నెత్తిన పెట్టుకున్నారు. నెత్తిన పెట్టుకున్నవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు.

తర్వాత ఆదివారాలు నేను రకరకాల ఎత్తులు వేశాను. ఆకలి లేదన్నాను, అమ్మ పెరుగు తెచ్చింది. భోజనం వేళ దాటాక వెళ్లాను, నాకోసం వాళ్లిద్దరూ పస్తు కూర్చున్నారు. ఒకసారి తెగించి, "అయ్యా, నాకో ముద్దెట్టు," అని అడిగేశాను. ఆయన సిగ్గుపడ్డాడు. మిల్లులో తనతో పనిచేసేవాడెవడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "సదువుకున్నోడికి ఎంగిలెడితే సరస్పతి ఎల్లిపోద్దంట," అన్నాడు ఆ మనిషి, పెద్ద శాస్త్రం చెప్పినట్టు. అయ్య తలూపాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ మాటతో నాకు అడగడానికి కూడా దారి లేకుండా పోయింది.

మెల్లగా ఆదివారాలు తగ్గించుకున్నాను. పరీక్షలని చెప్పేవాణ్ని. సాయంత్రాలు సరస్సు చుట్టూ నడిచేవాణ్ని. పడవలు నడిపే క్లబ్బు ఉండేది, నేను చేరలేదు. మైదానంలో బర్మా కుర్రాళ్లు లుంగీలు ఎగగట్టి, గుండ్రంగా నిలబడి, బెత్తంతో అల్లిన బంతిని కింద పడనివ్వకుండా కాళ్లతో ఆడేవాళ్లు. ఆ ఆటలో ఓడిపోవడం అంటూ ఉండదు, కలిసి బంతిని నిలబెట్టడమే. అది చూస్తూ గట్టు మీద కూర్చునేవాణ్ని. పాఠాలు బాగా వచ్చేవి. ప్రొఫెసర్లు మెచ్చుకునేవాళ్లు. రెంటికీ చెడ్డ రేవడికి మంచి మార్కులు వస్తే ఎంత, రాకపోతే ఎంత.

నా గదిలో ఉన్నవాడు డెల్టాలోని ఒక చిన్న ఊరి నుంచి వచ్చిన బర్మా కుర్రవాడు, నాకంటే కొంచెం పెద్ద. బర్మాలో అన్నను 'అకో' అంటారు. నేను అతన్ని అలాగే పిలిచేవాణ్ని. బజారు బర్మీ నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రం. రెండూ కలిపి నెట్టుకొచ్చేవాళ్లం. ఒక వానాకాలపు మధ్యాహ్నం భోజనాల గదిలో బర్మా బల్ల వైపు నుంచి ఒక వాసన వచ్చింది. గోంగూర! మా అమ్మ ఎండు రొయ్యలు వేసి ఉడికించే గోంగూర లాంటి వాసన. బర్మావాళ్లకూ గోంగూర ప్రాణమని, వాళ్లు దాన్ని పులుసు కాస్తారని తెలుసు. కానీ ఆ వాన చప్పుడులో, ఆ చిన్న బల్ల దగ్గర, ఆ వాసన నన్ను నిలవనివ్వలేదు. తల ఎత్తి చూస్తే అకో నన్నే చూస్తున్నాడు. పక్కనున్నవాణ్ని జరిపి, చోటు చూపించాడు. కంచం పట్టుకుని వెళ్లాను.

కూర్చున్నాక అసలు చిక్కు కనబడింది. పులుసు బల్ల మధ్యలో ఒకే పెద్ద గిన్నెలో ఉంది, పక్కన చేప ముక్కల పళ్లెం. ఎవరి చెంచా వాళ్లు అందులో ముంచుకుని, నోట్లో పెట్టుకుని, మళ్లీ అదే చెంచా ముంచుతున్నారు. అంతమంది ఎంగిలి ఒక్క గిన్నెలో. మా అమ్మ చూస్తే మూర్ఛపోయేది.

"ఆగు," అన్నాడు అకో. "ముందు ఇది చెయ్యాలి. ఇక్కడ అందరికంటే చిన్నవాడివి నువ్వు. చేప ముక్క ఒకటి తీసి, అందరికంటే పెద్దవాడి కంచంలో వెయ్యి. తర్వాత తిను."

"ఎందుకు?"

"ఇంట్లో అయితే నాన్న కంచంలో వేస్తాం. మొదటిది పెద్దవాళ్లది. నాన్న ఊళ్లో లేకపోయినా ఆయన పేరు చెప్పి కాస్త తీసి పక్కన పెడతాం. పెట్టకుండా తింటే ముద్ద దిగదు."

చేప ముక్క తీసి, బల్ల చివరనున్న సీనియర్ కంచంలో వేశాను. అతను తలూపి తినడం మొదలుపెట్టాడు, ఏదో ప్రతిరోజూ నేనే వేస్తున్నట్టు. తర్వాత చెంచా పట్టుకున్నాను. చెయ్యి గిన్నె మీద ఒక క్షణం ఆగింది. ముంచాను. తాగాను. నాలుక ఊడిపడలేదు, సరస్వతి ఎక్కడికీ పోలేదు. పుల్లగా, కారంగా, అచ్చం మా ఇంటి వాసన. నలుగురి మధ్య కూర్చుని అన్నం తిని ఎంత కాలమైందో ఆ పూట తెలిసింది. ఎంత సంతోషమో అంత దుఃఖమూ వచ్చింది. ముక్కూ మొహమూ తెలియనివాళ్ల ఎంగిలి నాకు దొరికింది. నాకు కావలసిన ఎంగిలి ఇది కాదు.

"మీ ఇళ్లలో మొదటి ముద్ద నాన్నకు పెడతారు. మా ఇంట్లో ఆఖరి ముద్ద నాన్న నాకు పెట్టేవాడు," అని ఆ సాయంత్రం గదిలో అకోకు చెప్పాను. ఎందుకు మానేశాడో కూడా చెప్పాను.

"అయితే మొదటిది నువ్వు పెట్టు," అన్నాడు అతను. "ఆఖరిది ఆయనే పెడతాడు."

ఆ మాట నాలో పాతుకుపోయింది. బర్మా బల్ల దగ్గరే మిగిలిన రోజులు గడిపాను. వాళ్ల హాస్యాలు సగం అర్థమయ్యేవి కావు, వాళ్ల నవ్వులకు ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాణ్ని. భోజనం కాగానే వాళ్లు బంతాటకు వెళ్తే నేను సరస్సు గట్టుకు వెళ్లేవాణ్ని. ఒంటరితనం పోలేదు, దానికి పూటకు రెండు గడియల విరామం దొరికిందంతే. ఆ గడియల్లో నేను ఇంట్లో ఏం చెయ్యాలో మనసులో చేసి చూసుకుంటూ ఉండేవాణ్ని. బి.ఏ. పరీక్ష ప్యాసైన రోజున చేస్తానని నిశ్చయించుకున్నాను. ఆ రోజు అయ్య నా మాట కాదనడు.

ప్యాసయ్యాను. ఆ సాయంత్రం మా వరసలో పండగ. పలకరించేవాళ్లంతా వచ్చి వెళ్లారు. అయ్య పొద్దున్నే చిమిండైంగ్ బజారుకు పోయి పొలస చేప తెచ్చాడు. దర్జీ కుర్చీ మళ్లీ వచ్చింది. దాన్ని నేనే ఎత్తి బయట పెట్టేశాను.

"అయ్యా, ఇవాళ నాతో కూర్చుని తినకపోతే నేను అన్నం ముట్టను," అన్నాను.

మొండికి అయ్య కూడా తక్కువవాడు కాదు. కానీ ఆ రోజు నా రోజు. గొణుక్కుంటూ వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ ఆయనకు ఇత్తడి కంచం, నాకు పింగాణీ కంచం పెట్టింది. నడిమి ముక్కలన్నీ, చేప తల కూడా నాకే వేసింది. అయ్యకు తోక. ఆయన అన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిన్నాడు. నేను ఏమీ ముట్టకముందే, చేప తల తీసి ఆయన కంచంలో వేశాను.

అయ్య చెయ్యి ఆగిపోయింది. చేప తల వైపు చూశాడు, నా వైపు చూశాడు. మొహం మాడిపోయింది.

"బాగోనేదేటి?" అన్నాడు.

"అది కాదయ్యా..."

"వాసనొచ్చినాదేటి?" అని అమ్మ కంగారుగా గిన్నె మూత తీసి వాసన చూసింది. "బతికున్న సేపే అన్నాడు గదా బజారోడు!"

"వాసనేమీ లేదు. బర్మావాళ్లు పెద్దవాళ్లకు ముందు పెడతారు. అది మర్యాద," అన్నాను.

చెప్పవలసిన మాట అది కాదు. మర్యాద అన్నది మా ఇంట్లో చుట్టాలకు చేసేది, చుట్టాలు చేసేది. అయ్యకు అర్థమైంది ఒక్కటే. చదువుకున్న కొడుకు చేప నచ్చక, నచ్చలేదని చెప్పలేక, బర్మావాళ్ల పేరు చెప్పి తీసి పారేశాడు. ఆయన లేచి నిలబడ్డాడు. సగం తిన్న కంచం ముందు నుంచి మా ఇళ్లలో ఎవరూ లేవరు. ఇల్లంటుకుంటే తప్ప లేవరు.

"బేగి మూకుడు తోమేసి కోడిగుడ్డొకటి ఏపీ," అని అమ్మతో అన్నాడు. "నాను సందు సివర పెరుగు అట్టుకొత్తాను. గుంటడు ఏటీ తిననేదు." ఎంగిలి చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు.

నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. ఇన్ని నెలలు మనసులో కట్టుకున్నది ఒక్క చేప తలకాయ దగ్గర కూలిపోయింది. ఎదురుగా ఇత్తడి కంచం. కలిపిన అన్నం, అంచున ఉప్పు, ఆయన వేళ్ల జాడలు. గోడ మీద ఆయన వీపు మరక. ఏమనుకున్నానో నాకే తెలియదు. పింగాణీ కంచం వదిలేసి, జరిగి, ఆ మరకకు నా వీపు ఆనించి, ఆయన కంచం ఒళ్లోకి లాక్కుని తినడం మొదలుపెట్టాను.

"ఓలమ్మ! అది ఎంగిలిరా!" అని అమ్మ అరిచింది.

గుమ్మం దగ్గర అయ్య వెనక్కి తిరిగాడు. నేను ఆగలేదు. ఆయన కలిపిన అన్నం ఆయన కలిపినట్టే తిన్నాను. వీధిలో ఎవరో నీళ్ల కోసం తగువాడుకుంటున్నారు. అడుగున కొన్ని మెతుకులు మిగిలేదాకా తిని, ఆగాను. అది ఆయన ఆగే చోటు.

అయ్య నన్నే చూస్తున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఉప్పు సరిపోనాదేటి?" అన్నాడు.

చివర్న 'రా' లేదు. నేను చూసుకున్నాను.

"సాల్లేదు," అన్నాను.

అయ్య వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. మెల్లగా చెయ్యి కంచంలో పెట్టి, అంచున ఉన్న ఉప్పంతా మెతుకుల్లో కలిపి, ముద్ద చేశాడు. బస్తాల తాళ్లు కోసిన ఆ వేళ్లు నా చిన్నప్పటికంటే మొద్దుబారాయి. ముద్ద ఎత్తాడు. నేను నోరు తెరిచాను. నా మూతి దగ్గరకు వచ్చిన చెయ్యి ఆగింది. ఎదురుగా ఆయనకు కనబడింది మీసాలున్న ఒక బి.ఏ. మనిషి. ఆయన ముద్దను కంచం అంచున పెట్టాడు.

"తినీ," అన్నాడు.

నా చేత్తోనే తీసుకుని తిన్నాను. నోరు పొక్కిపోయేంత ఉప్పు.

"సరిపోనాది," అన్నాను.